6174 దగ్గరికే అన్నీ ఎందుకు చేరతాయి? - పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో ఒక చిన్న పని చెప్పాం. ఏదైనా నాలుగంకెల సంఖ్య తీసుకోండి, నాలుగంకెలూ ఒకటే అయిన 1111, 7777 లాంటివి మాత్రం వద్దు. ఆ అంకెలనే పెద్దదాని నుంచి చిన్నదానికి పేరిస్తే ఒక సంఖ్య, చిన్నదాని నుంచి పెద్దదానికి పేరిస్తే ఇంకో సంఖ్య వస్తుంది. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేసి, వచ్చినదానితో మళ్లీ ఇదే పని చేయాలి. ఉదాహరణకు ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన 1956 తీసుకుంటే 9651 − 1569 = 8082, తర్వాత 8820 − 0288 = 8532, తర్వాత 8532 − 2358 = 6174. ఇక అక్కడి నుంచి కదలదు, ఎందుకంటే 7641 − 1467 మళ్లీ 6174 అవుతుంది. ఎక్కడ మొదలుపెట్టినా ఏడు తీసివేతల్లోపు ఇక్కడికే వస్తారని రాశాం. దాని మీద చాలా ఉత్తరాలు వచ్చాయి, ఈసారి శీర్షిక మొత్తం వాటికే.

ప్రశ్న: నేను 2111 తీసుకున్నాను. 2111 − 1112 = 999 వచ్చింది. తర్వాత 999 − 999 = 0. అంటే 6174 రాలేదు కదా! మా క్లాసులో ఇంకో ఇద్దరికి కూడా ఇలాగే అయ్యింది. రూల్ తప్పా, మేం తప్పా?
- తొమ్మిదో తరగతి విద్యార్థిని, కోదాడ

జవాబు: మంచి చోట పట్టుకున్నావమ్మా. రూల్ సరైనదే, కాకపోతే అది నాలుగు గదుల ఆట. మధ్యలో మూడంకెల సంఖ్య వచ్చినా నాలుగో గది ఖాళీగా వదలకూడదు, ముందు సున్నా పెట్టి 0999 అనే రాయాలి. అప్పుడు అంకెలు 9, 9, 9, 0. పెద్ద సంఖ్య 9990, చిన్న సంఖ్య 0999, తేడా 8991. తర్వాత 9981 − 1899 = 8082, ఆ తర్వాత పైన 1956తో చూసిన దారే: 8532, 6174. మొత్తం అయిదు తీసివేతలు. మీ క్లాసులో ఆ ఇద్దరి సంఖ్యల్లో కూడా మూడు అంకెలు ఒకటే ఉండి, నాలుగోది దానికి ఒకటి ఎక్కువో తక్కువో ఉండి ఉంటుంది, చూడు. 999 వచ్చేది అలాంటి సంఖ్యలకే. ఎందుకలా అన్నది కింది జవాబు చదివితే నీకే తెలుస్తుంది.

ప్రశ్న: పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాసి 0000 నుంచి 9999 దాకా అన్నీ నడిపించాను. అంకెలన్నీ ఒకటే ఉన్న పదీ తీసేస్తే మిగిలిన 9,990 సంఖ్యలూ 6174కే చేరాయి. మూడు అడుగుల్లో చేరేవి అన్నిటికంటే ఎక్కువ, 2,400. ఏడు అడుగులు పట్టేవి 2,184. ఎనిమిది పట్టేది ఒక్కటీ లేదు. కంప్యూటర్ నిజమే అంటోంది, సరే. కానీ ఎందుకు? నాకు ఆ "ఎందుకు" కావాలి.
- ఇంజనీరింగ్ విద్యార్థి, అనంతపురం

జవాబు: మీ లెక్కలన్నీ సరిగ్గా ఉన్నాయి. మీరడిగింది అసలు ప్రశ్న, కాబట్టి కాస్త ఎక్కువ చోటు తీసుకుంటాను. దీనికి ఎనిమిదో తరగతి బీజగణితం చాలు, కానీ పెన్నూ కాగితం దగ్గర పెట్టుకుని చదవండి.

అంకెలను పెద్దదాని నుంచి చిన్నదానికి క, ఖ, గ, ఘ అనుకుందాం. పెద్ద సంఖ్య 1000క + 100ఖ + 10గ + ఘ. తిరగేస్తే 1000ఘ + 100గ + 10ఖ + క. తీసేయండి. మిగిలేది 999(క − ఘ) + 90(ఖ − గ).

ఒక్క నిమిషం ఇక్కడ ఆగి దీన్ని చూడండి. నాలుగు అంకెలతో మొదలుపెట్టాం, తీసివేత అయ్యాక వాటిలో రెండే సంగతులు మిగిలాయి: అన్నిటికంటే పెద్ద అంకెకూ అన్నిటికంటే చిన్న అంకెకూ తేడా ఎంత, మధ్యలో ఉన్న రెండు అంకెలకూ తేడా ఎంత. మొదటిదాన్ని బయటి తేడా అందాం, రెండోదాన్ని లోపలి తేడా. అంకెలు ఏవి, ఏ వరుసలో ఉన్నాయి అన్నదంతా ఆ మొదటి తీసివేతతోనే చెరిగిపోయింది. 9651 అయినా 8210 అయినా 9321 అయినా బయటి తేడా 8, లోపలి తేడా 1, కాబట్టి మూడింటికీ జవాబు ఒకటే, 8082.

ఇప్పుడు ఈ తేడాలు ఎన్ని రకాలుగా ఉండొచ్చో లెక్కపెడదాం. బయటి తేడా 1 నుంచి 9 దాకా ఏదైనా కావచ్చు (సున్నా అయితే అంకెలన్నీ ఒకటే, వాటిని మొదటే వద్దన్నాం). లోపలి తేడా సున్నా నుంచి బయటి తేడా దాకా ఉండొచ్చు, దాన్ని దాటదు. బయటి తేడా 1 అయితే లోపలిదానికి రెండు అవకాశాలు, 2 అయితే మూడు, అలా 9 అయితే పది. అన్నీ కలిపితే 2 + 3 + 4 + … + 10 = 54. అంటే మీ 9,990 సంఖ్యలూ ఒకే ఒక్క తీసివేతతో 54 సంఖ్యల్లోకి కుదించుకుపోతాయి. నన్నడిగితే 6174 కథలో అసలు ఆశ్చర్యం ఇదే, చివర వచ్చే 6174 కాదు.

ఆ 54 సంఖ్యలకు ఒక పోలిక కూడా ఉంటుంది. లోపలి తేడా సున్నా కాకపోతే, వచ్చిన సంఖ్యలో మొదటి అంకె, చివరి అంకె కలిపితే ఎప్పుడూ 10, మధ్య రెండూ కలిపితే ఎప్పుడూ 8. 8532 చూడండి: 8 + 2 = 10, 5 + 3 = 8. 3087 చూడండి: 3 + 7, 0 + 8. మన 6174 కూడా అంతే: 6 + 4, 1 + 7. లోపలి తేడా సున్నా అయితే మధ్యలో రెండు తొమ్మిదులు వచ్చి కూర్చుంటాయి, మొదటి అంకె, చివరి అంకె కలిపితే 9 అవుతుంది: 0999, 8991, 5994 అలా. చేత్తో లెక్క చేస్తున్నప్పుడు తప్పు దొర్లిందేమో చూసుకోవడానికి ఇది బాగా పనికొస్తుంది.

ఇక చివరి మెట్టు. ముందుకు వెళ్లడం మానేసి 6174 నుంచి వెనక్కి నడుద్దాం. 6174 రావాలంటే బయటి తేడా 6, లోపలి తేడా 2 ఉండాలి, ఎందుకంటే 999 × 6 + 90 × 2 = 5994 + 180 = 6174, ఇంకే జంటతోనూ ఇది రాదు. మన 54లో ఆ తేడాలున్నవి 6174 కాక మూడు: 4176, 8352, 8532. అంటే 6174కి ఒక్క అడుగు దూరంలో ఉన్నవి ఈ మూడే. ఈ మూడింటిలో ఏదో ఒకదానికి చేర్చేవి ఆ 54లో ఎన్ని అని చూస్తే 12 దొరుకుతాయి. ఆ పన్నెండుకు చేర్చేవి 10. వాటికి చేర్చేవి ఇంకో 10. మళ్లీ 10. చివరి వరుసలో 8. ఇప్పుడు కూడండి: 1 + 3 + 12 + 10 + 10 + 10 + 8 = 54. అన్నీ అయిపోయాయి, ఒక్కటి కూడా మిగల్లేదు.

రుజువు ఇదే. ఏదైనా సంఖ్య 6174కి రాకుండా వేరే చోట గుండ్రంగా తిరుగుతూ ఉండాలంటే అది ఈ 54లో మనం తాకనిదై ఉండాలి, అలాంటిది లేదు. ఏడు అనే హద్దు కూడా ఇక్కడి నుంచే వచ్చింది: మొదటి తీసివేతతో 54లోకి వస్తాం, ఆ 54లో అన్నిటికంటే దూరంగా ఉన్న ఎనిమిదీ ఆరడుగుల దూరంలో ఉన్నాయి, మొత్తం ఏడు. రాష్ట్ర విభజన జరిగిన 2014 అలాంటి దూరపు సంఖ్యే: 4086, 8172, 7443, 3996, 6264, 4176, 6174. పక్కనే ఉన్న 2005 కూడా ఏడడుగులదే, అయితే దాని దారి వేరు. వీలైతే మీ ప్రోగ్రాంతో ఆ 54 సంఖ్యలకూ చెట్టు గీయించండి, అంటే ఏది దేనికి చేరుతుందో కొమ్మల్లా చూపే బొమ్మ. కాగితం మీద చేత్తో గీస్తే ఇంకా మంచిది, ఒక సాయంత్రం పని అంతే.

ఒక్క మాట నిజాయితీగా చెప్పాలి. ఈ రుజువు "అన్నీ 6174కి చేరతాయి" అని తేలుస్తుంది, కానీ నాలుగంకెలకు ఇంత చక్కగా ఎందుకు కుదిరింది అంటే దానికి లోతైన కారణం ఏదో ఉందని చెప్పలేం. 54ని పరిశీలించాం, ఒకే చెట్టు వచ్చింది. అయిదంకెలకు అలా రాదు, దాని సంగతి చివరి జవాబులో ఉంది.

ప్రశ్న: 6174 దైవ సంఖ్య అని, దాన్ని రాసి బీరువాలో పెడితే డబ్బు నిలుస్తుందని వాట్సాప్‌లో వచ్చింది. మా అబ్బాయికి కొత్త బండి కొంటున్నాం, 6174 నంబర్ ఇప్పిస్తాను, కాస్త ఎక్కువవుతుంది అని ఒకాయన అంటున్నాడు. అన్ని సంఖ్యలూ దాని దగ్గరికే వస్తాయంటే అందులో ఏదో శక్తి ఉన్నట్టే కదండీ?
- గృహిణి, తెనాలి

జవాబు: ఆ డబ్బు పెట్టకండమ్మా. అబ్బాయికి మంచి హెల్మెట్ కొనండి.

మీరు అడిగినదాంట్లో ఒక లెక్క ఉంది, అది మాత్రం చెబుతాను. బండి నంబర్లు 0001 నుంచి 9999 దాకా ఉంటాయి. వాటిలో 1111, 2222 లాంటి తొమ్మిదింటిని వదిలేస్తే మిగిలిన ప్రతి నంబరూ ఏడు తీసివేతల్లో 6174కే వస్తుంది. మీకు ఏ నంబర్ వచ్చినా అది 6174కి వెళ్లేదే. దాన్నే ప్రత్యేకంగా కొనుక్కోవాల్సిన అవసరం లేదు.

ఇక శక్తి సంగతి. ఈ గుణం ఆ రాశిలో ఉన్నది కాదు, మనం పది అంకెలతో రాసే పద్ధతికీ దానికీ ఉన్న సంబంధంలో ఉంది. అరటిపండ్లు ఆరువేల నూట డెబ్బై నాలుగు కుప్ప పోశారనుకోండి, ఆ కుప్పకు ఈ గుణం లేదు, దాన్ని 6, 1, 7, 4 అని రాసినప్పుడే వస్తుంది. 0 నుంచి 4 దాకా అయిదే అంకెలతో లెక్కలు రాసుకునే జనం ఉంటే వాళ్లకు 3032 అనే సంఖ్య అలా నిలబడిపోతుంది (వాళ్ల పద్ధతిలో 3320 − 0233 = 3032; అప్పు తెచ్చుకున్నప్పుడు పదికి బదులు అయిదు తెచ్చుకోవాలి, చేసి చూడండి). మనకు చేతికి అయిదేసి చొప్పున పది వేళ్లుండి పదులతో లెక్కపెట్టడం అలవాటై 6174 వచ్చింది. దాన్ని చూసి సంతోషించడానికి చాలా ఉంది. డబ్బు తెచ్చిపెట్టమని దాన్ని అడిగితే మాత్రం తెచ్చేది ఏమీ లేదు, ఆ పేరుతో మన దగ్గర డబ్బు తీసుకునేవాళ్లే ఉంటారు.

ప్రశ్న: దీన్ని కాప్రేకర్ స్థిరాంకం అంటారని విన్నాను. ఆయన ఏ యూనివర్సిటీలో ప్రొఫెసర్? ఆయన పేరు మన పాఠ్యపుస్తకాల్లో నాకెప్పుడూ కనిపించలేదు, ఎందుకు?
- బ్యాంకు ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: ప్రొఫెసర్ కాదు, బడిపంతులు. దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్ 1905లో మహారాష్ట్ర తీరంలోని దహాణులో పుట్టారు. ఠాణేలో బడి చదువు, పుణే ఫెర్గూసన్ కాలేజీలో పైచదువు. 1929లో డిగ్రీ పూర్తి చేశారు, దాని పైన ఇంకేమీ చదవలేదు. 1930 నుంచి 1962లో రిటైరయ్యే దాకా నాసిక్ దగ్గర దేవళాలీలో స్కూలు పిల్లలకు పాఠాలు చెప్పారు. పరిశోధన పట్టా లేదు, గైడ్ లేడు, చుట్టూ పరిశోధకులు లేరు. సంఖ్యలతో ఆడుకోవడం ఒక్కటే ఉంది, దాన్ని జీవితాంతం వదల్లేదు. 1986లో కన్నుమూశారు.

6174 సంగతి ఆయన బయటపెట్టింది 1949లో, మద్రాసులో జరిగిన గణిత సదస్సులో. 1955లో స్క్రిప్టా మాథమాటికా అనే పత్రికలో దాని మీద వ్యాసం వచ్చింది. అయినా చాలాకాలం మన దేశంలో పెద్ద గణితజ్ఞులు ఆయన పనిని తేలిగ్గానే చూశారు, ఇవి పిల్లలాటలు, దీంట్లో సిద్ధాంతం ఏముంది అన్నట్టు. 1975 మార్చిలో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో మార్టిన్ గార్డ్‌నర్ తన శీర్షికలో ఆయన గురించి రాశాక ప్రపంచమంతా ఆ పేరు తెలిసింది. అప్పటికి ఆయన వయసు డెబ్బై. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. పేరు రావడానికి పాతికేళ్లు పట్టింది, అదీ వేరే దేశం పత్రిక చెప్పాక.

ఆయన చేసింది ఇదొక్కటే కాదు. తన అంకెల మొత్తంతో నిశ్శేషంగా భాగించబడే సంఖ్యలకు హర్షద్ సంఖ్యలని పేరు పెట్టింది ఆయనే. 6174 కూడా అలాంటిదే: 6 + 1 + 7 + 4 = 18, 6174 ÷ 18 = 343. స్వయంభు సంఖ్యలని ఇంకో రకాన్ని కనిపెట్టారు, తన ఊరి పేరుతో దేవళాలీ సంఖ్యలని కూడా అన్నారు. ఒక సంఖ్యకు దాని అంకెల మొత్తం కలిపితే ఇంకో సంఖ్య వస్తుంది కదా, 15కి 1 + 5 కలిపితే 21 వచ్చినట్టు. అలా ఏ సంఖ్య నుంచీ పుట్టనివి స్వయంభువులు. 20 అలాంటిది, 97 అలాంటిది, మన జపమాల పూసల సంఖ్య 108 కూడా అలాంటిదే. 6174 మాత్రం స్వయంభువు కాదు, 6156 నుంచి పుడుతుంది: 6156 అంకెల మొత్తం 18, కలిపితే 6174.

ఒక తికమక గురించి కూడా చెప్పాలి, ఇంటర్నెట్‌లో చాలామంది దీన్ని కలిపేస్తున్నారు. కాప్రేకర్ స్థిరాంకం వేరు, కాప్రేకర్ సంఖ్య వేరు. వర్గం చేసి, ఆ వర్గాన్ని రెండు ముక్కలు చేసి కూడితే తిరిగి తానే వచ్చేది కాప్రేకర్ సంఖ్య. 45 వర్గం 2025, 20 + 25 = 45. 703 వర్గం 494209, 494 + 209 = 703. ఇదే పని 6174తో చేస్తే వర్గం 38118276 వస్తుంది, 3811 + 8276 = 12087. కాబట్టి 6174 కాప్రేకర్ సంఖ్య కాదు, ఆయన పేరున్న స్థిరాంకం.

ప్రశ్న: ఈ తీసివేత పక్కన పెడితే 6174లో చెప్పుకోదగ్గ విషయం ఇంకేమైనా ఉందా, లేక ఇదొక్కటేనా?
- రిటైర్డ్ ఉద్యోగి, విజయనగరం

జవాబు: ఉందండీ, ఒకటి చాలా బాగుంటుంది. 6174ను ప్రధాన సంఖ్యలుగా విడగొడితే 2 × 3 × 3 × 7 × 7 × 7. అంటే 18ని 7 ఘనంతో గుణించినట్టు. ఇప్పుడు 18ని, 18 వర్గాన్ని, 18 ఘనాన్ని కూడండి: 18 + 324 + 5832 = 6174! ఆ 18 మళ్లీ ఎవరు అంటే 6174 అంకెల మొత్తమే.

ఈ రెండూ ఒకే నిజం తాలూకు రెండు ముఖాలు. 18 + 324 + 5832లోంచి 18 బయటికి తీస్తే లోపల 1 + 18 + 324 మిగులుతుంది, అది 343, అంటే సరిగ్గా 7 ఘనం. ఇలా జరగడం చాలా అరుదు. ఒక సంఖ్యకు దాని వర్గాన్ని, ఒకటిని కలిపితే పూర్తి ఘనం రావాలి అని పెట్టుకుని ధన పూర్ణాంకాల్లో వెతికితే 18 ఒక్కటే దొరుకుతుంది, ఎంత దూరం వెళ్లినా రెండోది లేదని రుజువైంది. ఇలాంటి సమీకరణాలను నార్వే గణితజ్ఞులు నాగెల్, ల్యుంగ్రెన్ పేర్లతో పిలుస్తారు. ఆ రుజువు ఈ శీర్షికలో పట్టేది కాదు, 54 సంఖ్యల చెట్టులా సాయంత్రంలో తేలేది అసలే కాదు.

ఇంకో చిన్న విషయం, ఆ ప్రధాన సంఖ్యల వర్గాలు కూడితే 4 + 9 + 9 + 49 + 49 + 49 = 169, అది 13 వర్గం. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ దీని వెనక ఏమీ ఉందనుకోను. ప్రతి సంఖ్యలోనూ వెతికితే ఇలాంటివి ఒకటో రెండో దొరుకుతాయి. అంకెల మొత్తం 18 కావడం కూడా అంత గొప్ప కాదు, మన తీసివేతతో వచ్చే ప్రతిదీ 9తో భాగించబడుతుంది (999లోనూ 90లోనూ తొమ్మిది ఉంది కదా), పైగా పదీ ఎనిమిదీ కలిపినా 18, తొమ్మిదీ రెండు తొమ్మిదులూ కలిపితే 27, అంటే ఆ 54లో దేని అంకెల మొత్తమైనా 18 లేదా 27 కావాల్సిందే. 7 ఘనం వచ్చి కలవడమే అసలు విశేషం.

ప్రశ్న: మాది జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. ఆరు, ఏడు తరగతులకు దీన్ని చేయించాలనుకుంటున్నాను, నాలుగంకెల తీసివేత ఏడుసార్లు అంటే కొందరు పిల్లలు టెన్షన్ పడుతున్నారు. మూడంకెలతో చేయించవచ్చా? అయిదారు అంకెలకు కూడా ఇలా ఒక సంఖ్య ఉంటుందా అని ఒక పిల్లాడు అడిగాడు, ఏం చెప్పమంటారు?
- లెక్కల ఉపాధ్యాయుడు, మెదక్ జిల్లా

జవాబు: మూడంకెలతోనే మొదలుపెట్టండి మాస్టారూ, నా సలహా అదే. అక్కడ ఆగే సంఖ్య 495, ఎందుకంటే 954 − 459 = 495. పైగా ఇక్కడ "ఎందుకు" అన్నది కూడా ఏడో తరగతి పిల్లలకు అందుతుంది. మధ్య అంకె తీసివేతలో పోతుంది, మిగిలేది 99 రెట్లు బయటి తేడా మాత్రమే. కాబట్టి మొదటి తీసివేత తర్వాత రావడానికి తొమ్మిదే సంఖ్యలున్నాయి: 099, 198, 297, 396, 495, 594, 693, 792, 891. ఈ తొమ్మిదీ బోర్డు మీద రాసి, ఏది దేనికి వెళ్తుందో పిల్లల చేతే బాణాలు గీయించండి. మధ్యలో ఎప్పుడూ 9 ఎందుకుందని ఎవరో ఒకరు అడుగుతారు, జవాబు మీరు వెంటనే చెప్పకండి. అన్నిటికంటే పొడవైన దారి ఆరడుగులు, 100తో మొదలుపెడితే అది కనబడుతుంది: 099, 891, 792, 693, 594, 495. ముందు సున్నా వదిలేయకూడదని మాత్రం మొదటే చెప్పండి, కోదాడ అమ్మాయికి వచ్చిన ఇబ్బందే మీ క్లాసులోనూ వస్తుంది.

రెండంకెలతో చేస్తే ఆగే చోటు లేదు. 09, 81, 63, 27, 45, మళ్లీ 09 అని తిరుగుతూనే ఉంటుంది. తొమ్మిదో ఎక్కంలోని సంఖ్యలే, వరుస మారిందంతే. నెమ్మదిగా లెక్క చేసే పిల్లలకు ఇది ఇవ్వండి, తీసివేత చిన్నది, గుండ్రం పూర్తయినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి.

మీ పిల్లాడు అడిగినది చాలా మంచి ప్రశ్న. అయిదంకెలకు అలాంటి సంఖ్య లేదు. ఎక్కడ మొదలుపెట్టినా మూడు చక్రాల్లో ఏదో ఒకదాంట్లో పడతాం. ఒకటి చిన్నది, 53955, 59994 రెండే ఒకదానికొకటి మారుతుంటాయి. మిగతా రెండింట్లో నాలుగేసి సంఖ్యలు: 61974, 82962, 75933, 63954 ఒక చక్రం, 62964, 71973, 83952, 74943 ఇంకో చక్రం. ఆరంకెలకు ఆగే సంఖ్యలు రెండున్నాయి, 549945, 631764. అయితే అన్నీ అక్కడికే రావు, ఏడు సంఖ్యలున్న ఒక చక్రంలో పడి తిరిగేవి కూడా ఉంటాయి. ఎక్కడ మొదలుపెట్టినా అన్నీ ఒకే చోటికి చేరడం మూడంకెలకూ నాలుగంకెలకూ దక్కిన గుణం, అందుకే 495, 6174 గురించి అంత చెప్పుకుంటాం.

ఆ 631764ను ఒకసారి పిల్లలకు చూపించండి. 6174లో 6 తర్వాత ఒక 3, 7 తర్వాత ఒక 6 దూర్చితే వచ్చింది. ఇంకోసారి అలాగే దూర్చితే 63317664, అది ఎనిమిదంకెల్లో ఆగే సంఖ్య: 76664331 − 13346667 చేసి చూడమనండి. మళ్లీ దూర్చితే 6333176664, పదంకెల్లో అదీ నిలుస్తుంది. ఇలా ఎంత దూరమైనా పోవచ్చు.

చివరగా పెద్ద లెక్కలంటే ఇష్టపడే పిల్లలుంటే తొమ్మిదంకెల తీసివేత ఒకటి ఇవ్వండి: 987654321లోంచి 123456789 తీసేయమనండి. 864197532 వస్తుంది. అందులోనూ 1 నుంచి 9 దాకా అంకెలన్నీ ఒక్కోసారే ఉంటాయి, కాబట్టి మళ్లీ పేర్చి తీసేసినా అదే వస్తుంది. ముందు సున్నా కూడా కలిపి 9876543210 − 0123456789 చేస్తే 9753086421, పది అంకెలూ మళ్లీ ఒక్కోసారే. ఈ రెండు తీసివేతలకూ కాలిక్యులేటర్ ఇవ్వకండి, అప్పు తెచ్చుకుంటూ చేత్తో చేస్తేనే ఒక్కో అంకె ఎలా వచ్చి పడుతుందో తెలుస్తుంది.